హా లోయకు వెళ్తున్న అబ్బాయికి

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

నీకు భూటాన్‌లోని హాలో, మన సైన్యపు శిక్షణ బృందం ఇమ్‌ట్రాట్‌లో పోస్టింగ్ వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి మీ నాన్న తన పాత కోర్స్‌మేట్లందరికీ ఫోన్లు చేసి "మావాడు కూడా ఇమ్‌ట్రాట్‌కే" అని చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం పిల్లల ధ్యాసే. ఫోన్లో చెబితే "సరేనమ్మా" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. కోడలికి కూడా చదివి వినిపించు.

ముందు ఇల్లు సర్దుకుని, పిల్లలు అలవాటు పడ్డాక ఊళ్ళు చూద్దామని అమ్మాయి అంటోందట. ఆ వరస తిరగేయండి. మన ఫౌజీ ఇళ్ళు ఎక్కడైనా ఒకటే: అవే నల్ల ట్రంకు పెట్టెలు, అదే క్యాంటీన్ సబ్బు. ఆ గోడల మధ్య కూర్చోబెడితే పిల్లలకు కొత్త దేశం కనబడదు, వదిలి వచ్చిన స్నేహితులే గుర్తొస్తారు. నీ చిన్నప్పుడు మీ నాన్న పోస్టింగ్ మీద మనం హాలో ఉన్న రోజుల్లో భూటాన్‌కు టీవీ కూడా రాలేదు, అది వచ్చింది 1999లో. పాత క్వార్టర్ పక్కింటి పిల్లాడి కోసం నువ్వు పొద్దస్తమానం ఏడ్చేవాడివి. హాలోనే ఉన్న లాఖాంగ్ కార్పో గుడికి తీసుకెళ్ళాక, అక్కడ చేత్తో తిప్పే మణిచక్రాలు (ప్రార్థన చక్రాలు) నీ చేతికి అందుతాయని కనిపెట్టాక, ఆ ఏడుపు తగ్గింది. తెల్ల పావురం వాలిన చోట ఆ గుడి, నల్ల పావురం వాలిన చోట లాఖాంగ్ నాగ్‌పో కట్టారని అక్కడివాళ్ళు చెబుతారు. పెద్దవాడికి ఈ కథ చెప్పి తీసుకెళ్ళు, పావురాల్ని వెతుక్కుంటాడు. గుళ్ళకూ చోర్టెన్లకూ (బౌద్ధ స్తూపాలకూ) మనలాగే ఎడమ నుంచి కుడికే ప్రదక్షిణ.

హాసిమారాలో రైలు దిగి ఫుంట్‌షోలింగ్ సరిహద్దు గేటు దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. వంపుల మీద వంపులు. పిల్లలకు వాంతులు ఖాయం, ఖాళీ కడుపుతోనూ నిండు కడుపుతోనూ బండెక్కించకండి. బర్త్ సర్టిఫికెట్లు ట్రంకులో వేసి తాళం పెట్టకుండా చేతిసంచీలో ఉంచండి. చుజోమ్ దగ్గర రెండు నదులు కలిసేచోట భూటాన్, టిబెట్, నేపాల్ పద్ధతుల్లో కట్టిన మూడు చోర్టెన్లు పక్కపక్కనే ఉంటాయి. అక్కడ కాసేపు దించండి. ఏది దేనికి ఎలా తేడాగా ఉందో పెద్దవాణ్ణి చెప్పమంటే వికారం మర్చిపోతాడు. భూటాన్ గడియారం మనకంటే అరగంట ముందు, వాచీ తిప్పే పని కూడా వాడికే ఇవ్వు.

హా దాదాపు 2,700 మీటర్ల ఎత్తు. మొదటి రెండు మూడు రోజులు పరుగులు పెట్టనివ్వకండి, నీళ్ళు బాగా తాగించండి. చంటిది ఇప్పుడే నడక నేర్చింది కాబట్టి గది వేడెక్కించే బుఖారీ పొయ్యి చుట్టూ అడ్డం కట్టించే దాకా నువ్వు డ్యూటీలో చేరినా నాకు నిద్ర పట్టదు. రాత్రి అది వెలుగుతుంటే కిటికీ కాస్త తెరిచే ఉంచండి, చలి అని మూసేయొద్దు.

ఇక చూడాల్సినవి. అందరూ ముందు పారో దగ్గరి తక్త్‌సాంగ్ అంటారు. మనం చూసిన గుడి 1998లో కాలిపోయింది, ఇప్పుడున్నది మళ్ళీ కట్టినది. 3,120 మీటర్ల ఎత్తున కొండ అంచుకు అతుక్కుని ఉంటుంది. ఇంత చిన్నపిల్లలతో పైదాకా వెళ్ళాలన్న పంతం వద్దు. సగం దారిలో కెఫెటేరియా ఉంది, అక్కడి నుంచి గుడి ఎదురుగా కనిపిస్తుంది. టీ తాగి దిగిపోండి. హా నుంచి పారోకు చెలేలా కనుమ మీదుగా దగ్గరే కానీ, అది 3,800 మీటర్లకు పైనే. పిల్లలకు ఎత్తు అలవాటయ్యే దాకా చుజోమ్ చుట్టుదారే మంచిది.

నన్నడిగితే పిల్లలకు తక్త్‌సాంగ్ కన్నా థింఫూలో టాకిన్ ముఖ్యం. మేక తల, ఆవు ఒళ్ళు ఉన్న జంతువు. ద్రుక్పా కున్లే అనే సాధువు ఒక ఆవునూ ఒక మేకనూ తినేసి, మేక తలను ఆవు ఎముకలకు తగిలించి లేపాడట. ఒకప్పుడు జూలో ఉండేవి. జంతువుల్ని బంధించకూడదని రాజుగారు వదిలేయిస్తే అవి అడవికి పోకుండా ఊరి వీధుల్లోనే తిరిగాయట! చివరికి అడవికే కంచె వేసి ఉంచారు. అలాగే థింఫూలో ట్రాఫిక్ లైట్లు లేవు, చేతులతో పోలీసే నడిపిస్తాడు. కాసేపు నిలబడి చూడనివ్వండి, ఇంటికొచ్చాక అదే ఆట ఆడతారు. విలువిద్య పోటీ జరుగుతుంటే మాత్రం చంటిదాన్ని చెయ్యి వదలొద్దు. గురి 140 మీటర్ల పైన దూరంలో ఉంటుంది, బాణం ఎటు నుంచి వస్తుందో పిల్లలకు తెలియదు.

చలికాలంలో హా గడ్డకడుతుంది. అప్పుడు పునాఖా వెళ్ళండి, అది 1,200 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి ఎండ తగులుతుంది. దారిలో దొచులా కనుమ మీద 108 చోర్టెన్లు ఉంటాయి. మన రోజుల్లో ఇవి లేవు. 2003 డిసెంబరులో, భూటాన్ దక్షిణ అడవుల్లో స్థావరాలు పెట్టుకున్న మన దేశపు తిరుగుబాటు దళాలను అప్పటి రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ స్వయంగా సైన్యాన్ని నడిపించి తరిమేశారు. ఆ పోరులో పోయిన సైనికుల జ్ఞాపకార్థం కట్టినవి ఇవి. ఎవరి కోసమని పెద్దవాడు తప్పకుండా అడుగుతాడు. అందం కోసం కట్టారని తప్పించుకోకు. ఫౌజీ ఇంట్లో పిల్లలు సగం మాటలు ఎలాగూ వింటారు, మిగతా సగం వాళ్ళే ఊహించుకుని భయపడతారు. యూనిఫాంలో ఉన్న తండ్రివి, నీ నోటితోనే చెప్పు. నువ్వూ అలా పోతావా అని అడిగితే జవాబు ముందే ఆలోచించి పెట్టుకో, నేను అప్పుడు నీకు ఏం చెప్పానో ఫోన్ చేసినప్పుడు అడుగు.

తిండి గురించి కంగారు లేదు. మిరపకాయ అక్కడ కూరగాయే. హోటల్లో ఎమా దాచీ (మిరపకాయలు, చీజ్ కలిపిన కూర) పిల్లలకు పెట్టకండి, మీ ఇద్దరూ తినండి.

మీ నాన్న నెల రోజులు ఉందామంటున్నారు. 2022 నుంచి మనవాళ్ళు పర్యాటకులుగా వస్తే రాత్రికి మనిషికి 1,200 రూపాయల రుసుం కదా. కుటుంబానికి మినహాయింపు ఉందేమో మీ ఆఫీసులో అడిగి చెప్పు. ఆ తర్వాతే టికెట్లు.

ఆశీస్సులతో,
అమ్మ