చిచెన్ ఇట్సా వెళ్ళే ముందు

హ్యూస్టన్

చి.ల.సౌ. సుజాతకు నాన్న దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి, ఇంతలో పండు నీ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "మెక్సికోలో కాన్‌కున్ దాకా వెళ్ళి, సముద్రం వదిలేసి, రోజంతా బస్సులో కూర్చుని పాడుబడ్డ రాళ్ళు చూడ్డం అవసరమా నాన్నా, అదీ పిల్లాడితో?" అన్నావు. వేసవి సెలవుల్లో మీరు వచ్చినప్పుడు అన్నయ్య మిమ్మల్నీ తీసుకెళ్తానంటున్నాడు కాబట్టి వివరంగానే రాస్తున్నాను. అవసరమే తల్లీ. కాకపోతే మేం వెళ్ళినట్టు వెళ్ళొద్దు.

మేం హోటల్లో కుదుర్చుకున్న డే ట్రిప్‌లో వెళ్ళాం. కాన్‌కున్ నుంచి చిచెన్ ఇట్సా, అదే మాయా జాతివాళ్ళ పాత నగరం, దాదాపు 200 కిలోమీటర్లు. కారులో అయితే రెండున్నర గంటల దారి. టూరు బస్సు అలా నేరుగా వెళ్తే ఇంకేం! తెల్లవారకుండానే ఎక్కించుకుని, వరసగా హోటళ్ళన్నీ తిరిగి జనాన్ని నింపుకుంది. దారిలో ఓ పెద్ద దుకాణం ముందు ఆపారు. నల్ల గాజురాయి కత్తులు, వెండి గొలుసులు, మన పేరు మాయా లిపిలో చెక్కి ఇచ్చే బిళ్ళలు. మీ అమ్మ నీ పేరుతో ఒకటి చేయించబోయింది, ధర వినగానే వెళ్ళి బస్సెక్కి కూర్చుంది. అక్కడ గంట పోయింది. తర్వాత భోజనమన్నారు, ఆ తర్వాత సెనోటేలో, అంటే సున్నపురాయి నేల కుంగి ఏర్పడ్డ నూతిలో, ఈతన్నారు. అసలు చూడవలసిన చోటికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. అక్కడ మాకు మిగిలింది రెండు గంటలు.

ఇంకో తిరకాసు ఉంది. కాన్‌కున్ ఉన్నది కింతానా రో రాష్ట్రంలో, చిచెన్ ఇట్సా ఉన్నది యుకతాన్ రాష్ట్రంలో. రెండింటికీ గంట తేడా. వెళ్ళేటప్పుడు ఫోన్లో గడియారం గంట వెనక్కి జరిగితే మీ అన్నయ్య సంబరపడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ గంట ఎలాగూ లాగేసుకున్నారు.

అందుకని మీరొచ్చినప్పుడు ముందురోజు సాయంత్రమే వయదోలిద్ అనే ఊరికి చేరి రాత్రి అక్కడే పడుకోండి. చక్కటి పాత ఊరు, గుడి సెంటర్ లాంటి చౌకు చుట్టూ ఇళ్ళు. అక్కణ్ణించి ముప్పావుగంట ప్రయాణం. గేటు ఉదయం 8కి తెరుస్తారు. పది దాటితే కాన్‌కున్ బస్సులు దిగుతాయి, ఇక జాతరే. టికెట్లు రెండు కౌంటర్లలో రెండు తీసుకోవాలి, ఒకటి కేంద్ర ప్రభుత్వానిది, ఇంకొకటి రాష్ట్రానిది. గేటు దగ్గరే లైసెన్సు ఉన్న గైడ్లు దొరుకుతారు. గైడ్ లేకుండా మాత్రం లోపలికి వెళ్ళకండి. ఎందుకో చెప్తాను.

మా గైడ్‌కి యాభై పైన ఉంటాయి. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు, తలకి గడ్డి టోపీ. మొదట అతను చెప్పినవన్నీ అందరు గైడ్లూ చెప్పే మాటలే. పెద్ద పిరమిడ్‌ని ఎల్ కాస్తియ్యో అంటారు. కుకుల్కాన్ అనే రెక్కల పాము దేవుడి గుడి అది. ఎత్తు 30 మీటర్లు. ఎక్కనివ్వడం మానేసి చాలా ఏళ్ళయింది, మీ అమ్మ మోకాళ్ళకి అదే మంచిదైంది. ఒక్కో వైపు 91 మెట్లు. నాలుగు వైపులా కలిపి 364, పైన గుడి అరుగు ఒకటి కలిపితే 365. ఈ లెక్క వినగానే నాకు ఎండ సంగతి గుర్తులేదు. తొమ్మిది అంతస్తుల్ని మెట్లదారి రెండేసి ముక్కలుగా కోస్తుంది కనక ఒక్కో వైపు 18 కనిపిస్తాయి. వాళ్ళ ఏడాదికి నెలలూ 18, నెలకి 20 రోజులు. మిగిలిన 5 రోజులు మంచివి కావని ఏ పనీ పెట్టుకునేవాళ్ళు కాదట.

దీంతోపాటు వాళ్ళకి 260 రోజుల పూజా పంచాంగం ఒకటి ఉండేది. రెండూ పక్కపక్కనే నడుస్తుంటే మొదలుపెట్టిన రోజుకి మళ్ళీ ఎప్పుడొస్తాం? క.సా.గు. వెయ్యి. 260కీ 365కీ 18,980 రోజులు, అంటే సరిగ్గా 52 ఏళ్ళు. మన ప్రభవ అరవై ఏళ్ళకి తిరిగొస్తుంది, వాళ్ళది 52కి. శుక్రుడు మళ్ళీ అదే తీరున కనపడ్డానికి 584 రోజులని వాళ్ళు లెక్కకట్టారు. అలాంటివి ఐదయితే 2,920 రోజులు. ఎనిమిది ఏళ్ళ రోజులు కూడా 2,920. దూరదర్శిని లేకుండా, కంటితో ఆకాశం చూసి తేల్చిన లెక్క ఇది. అక్కడే గుండ్రటి గోపురంతో ఒక కట్టడం ఉంది, దాని కిటికీల్లోంచే శుక్రుణ్ణి చూసేవాళ్ళని చెప్తారు. పండుకి ఎక్కాలు చదవాలంటే విసుగని రాశావు కదా, వాడికి ఈ లెక్కలు అక్కడ నిలబెట్టి చెప్పు.

2012 డిసెంబర్ 21న యుగాంతమని మన టీవీ చానళ్ళు చేసిన హడావిడి గుర్తుందా? హాస్టల్ నుంచి ఫోన్ చేసి "నాన్నా, పరీక్ష ఫీజు కట్టాలా వద్దా?" అని నవ్వావు. ఆ రోజున జరిగిందల్లా 18,72,000 రోజుల పెద్ద లెక్క ఒకటి పూర్తవడం. మర్నాటి నుంచి లెక్క ముందుకే సాగింది. ఇంకా మన వాట్సాప్‌లో మయుడే వెళ్ళి ఈ గుళ్ళు కట్టాడని తిరుగుతూ ఉంటుంది. మామయ్య నాకు పంపుతూనే ఉంటాడు. అది నమ్మకు. సున్నాని మనవాళ్ళు మన దేశంలో కనిపెట్టినట్టే వాళ్ళు అక్కడ సొంతంగా కనిపెట్టుకున్నారు, దాన్ని ఆల్చిప్ప బొమ్మతో రాశారు. చుక్క ఒకటి, గీత ఐదు, ఇరవైల లెక్క. వాళ్ళ తెలివి వాళ్ళది.

మెట్లకి ఎదురుగా నిలబడి గైడ్ చప్పట్లు కొట్టాడు. పిరమిడ్ నుంచి చప్పట్ల శబ్దం రాలేదు, పిట్ట కూసినట్టు 'కియ్యూ' అని సాగి వచ్చింది. కెత్సాల్ పక్షి కూత అన్నాడు. కింది మెట్టుకి తగిలిన శబ్దం ముందు తిరిగొస్తుంది, పైమెట్లది వెనక. పైకి వెళ్ళేకొద్దీ ఒక్కో మెట్టు నుంచి శబ్దం తిరిగొచ్చే సమయాల మధ్య ఎడం పెరుగుతుంది కనక కూత పైస్థాయిలో మొదలై కిందికి జారుతుంది. కావాలనే అలా కట్టారని గైడ్ ఒట్టేసి చెప్పాడు. కట్టాక అలా వచ్చి ఉంటుందని నాకనిపించింది. అతనితో మాత్రం అనలేదు.

గైడ్ మాటలన్నీ అలాగే వినాలి. బంతాట మైదానం దగ్గరికి తీసుకెళ్ళాడు. 168 మీటర్ల పొడవు, రెండు వైపులా ఎనిమిది మీటర్ల గోడలు, పైన రాతి వలయాలు. రబ్బరు బంతిని తుంటితో కొడుతూ ఆడేవారట. గోడ కింద చెక్కిన బొమ్మల్లో ఒక ఆటగాడు మోకాలి మీద ఉన్నాడు, తల లేదు. మెడలోంచి నెత్తురు పాములై చిమ్ముతోంది. "గెలిచిన నాయకుడి తల నరికేవారు, అది అతనికి గౌరవం" అన్నాడు గైడ్. బస్సు మొత్తం 'ఆఁ' అంది. ఆ శిల్పాన్ని దగ్గరికెళ్ళి రెండుసార్లు చూశాను. ఒకతను కత్తి పట్టుకున్నాడు, ఒకతనికి తల లేదు. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో ఆ రాతిలో ఎక్కడా లేదు.

బలి నూతి దగ్గరా అంతే. అరవై మీటర్ల అడ్డం, ఆకుపచ్చ నీళ్ళు, నిట్టనిలువు గోడలు. వానదేవుడు చాక్‌కి కన్నెపిల్లల్ని అందులో పడేసేవారని కథ. 1904 నుంచి ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికావాడు ఆ నూతిని తోడించి బంగారం, పచ్చరాళ్ళు, ఎముకలు బయటికి తీశాడు. చాలావాటిని హార్వర్డ్ మ్యూజియానికి పంపేశాడు కూడా. ఆ ఎముకల్లో మగవాళ్ళవీ పిల్లలవీ ఉన్నాయి. ఆ నూతికి దగ్గర్లో ఒక భూగర్భపు తొట్టిలో దొరికిన 64 మంది పిల్లల ఎముకలకి డీఎన్‌ఏ పరీక్ష చేసి 2024లో ఫలితాలు చెప్పారు. అందరూ మగపిల్లలే. రెండు జతల కవలలు కూడా ఉన్నారు. ఈ సంగతి పండు ముందు ఎంతవరకు చెప్పాలో నువ్వే చూసుకో. వాడి వయసు పిల్లలూ, అంతకన్నా చిన్నవాళ్ళూ.

మరి అన్నీ నమ్మకూడదన్నప్పుడు గైడ్ ఎందుకంటావా? మేం నూతి దగ్గర్నుంచి వెనక్కి నడుస్తుంటే అతని ఫోన్ మోగింది. మాట్లాడింది స్పానిష్ కాదు. మాట మధ్యలో గొంతు టక్కుటక్కుమని ఆగుతోంది. ఎవరని అడిగితే "మా అమ్మ. బీన్స్ కోతకి ఎప్పుడొస్తావని అడుగుతోంది" అన్నాడు. ఇంట్లో మాట్లాడేది మాయా భాషేనట. యుకతాన్ ద్వీపకల్పంలో ఇప్పటికీ సుమారు ఎనిమిది లక్షల మంది మాట్లాడతారు. మాయా జాతి అంతరించిపోయిందని చదువుకున్న వాణ్ణి, ఆ జాతి మనిషి వెనకే గంట నుంచి నడుస్తున్నాను.

అక్కణ్ణించి అతను వేరే మనిషైపోయాడు, లేదా నేను అడిగే ప్రశ్నలు మారాయి. వాళ్ళ పొలంలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చోట కలిపి వేస్తారు. ఆ నేలంతా సున్నపురాయి, పైన నదుల్లేవు, వానే దిక్కు. వాన రాకపోతే ఊరంతా కలిసి చాక్‌కి పూజ చేస్తారు. ఆకులతో కట్టిన వేదిక నాలుగు మూలలా నలుగురు పిల్లల్ని కూర్చోబెడతారు. పూజ జరుగుతున్నంతసేపూ వాళ్ళు కప్పల్లా బెకబెకమంటుంటారు. చిన్నప్పుడు తనూ కూర్చున్నానన్నాడు, కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కాయట. నేను ఆగిపోయాను. మా ఊళ్ళో వాన పడకపోతే రోకలికి కప్పని కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి పాట పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. ఆడవాళ్ళు బిందెడు నీళ్ళు కుమ్మరించేవాళ్ళు. మీ అన్నయ్య చేత అనువాదం చేయించి ఇదంతా అతనికి చెప్పాను. "వాన పడేదా?" అని అడిగాడు. "ఒక్కోసారి" అన్నాను. "మాకూ అంతే" అన్నాడు.

దారి పక్కన ఓ చెట్టు కాండం మీద పాత కత్తిగాట్లు వంకరటింకరగా ఉన్నాయి. ఆ పాలతోనే ఒకప్పుడు చూయింగ్ గమ్ చేసేవారన్నాడు. ఆకు చూస్తే మన పెరట్లో సపోటా! అది పుట్టింది ఆ ప్రాంతాల్లోనేనట. దాని కర్ర ఇనుములా ఉంటుంది, అందుకే గుళ్ళ గుమ్మాల మీద దూలాలుగా వేశారు. వెయ్యేళ్ళు దాటినా కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. మనం బియ్యం డబ్బాలో పండేసుకు తినడమే తప్ప ఆ కర్ర సంగతి ఎవరికి తెలుసు?

పుస్తకాల గురించి కూడా అతనే చెప్పాడు. 1562లో మనీ అనే ఊళ్ళో దియేగో దె లాందా అనే స్పానిష్ మతగురువు మాయా పుస్తకాల్ని కుప్పపోసి తగలబెట్టించాడు. ఇవాళ లోకం మొత్తమ్మీద మిగిలినవి నాలుగే. శుక్రుడి లెక్కలు ఉన్న పుస్తకం జర్మనీలో డ్రెస్డెన్‌లో ఉంది. ఆ ఒక్క పుస్తకంలోనే ఇంత లెక్క ఉంటే, కాలిపోయిన వాటిలో ఏముండేదో అని బస్సులో చాలాసేపు నిద్ర పట్టలేదు నాకు. మీ అమ్మ మాత్రం హాయిగా గురకపెట్టింది.

ఇక పనికొచ్చే మాటలు. మీకు అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. వీసా పేజీ జిరాక్స్ అన్నయ్యకి పంపించు. లోపల నీడ తక్కువ, టోపీ, నీళ్ళ సీసా తప్పనిసరి. దారి పొడుగునా బొమ్మలమ్మేవాళ్ళు ఉంటారు, ఊదితే పులి గాండ్రించినట్టు మోగే చెక్క బొమ్మ చూశాడంటే పండు వదలడు. సగానికి బేరమాడు. ఆ అమ్మేవాళ్ళూ మాయా ఊళ్ళ వాళ్ళే, మరీ పీడించకు. బఫేలో శాకాహారం అంటే నల్ల చిక్కుళ్ళు, అన్నం, రొట్టెలు. మీ అమ్మ ఆవకాయ సీసా తీసుకెళ్ళింది, హబనేరో అనే ఘాటు మిరప పచ్చడి రుచి చూశాక దాని మూత తీయలేదు. అల్లుడుగారికి చెప్పు, ఆ పచ్చడి చెంచాలతో వేసుకునేది కాదు. సెనోటేలో దిగేముందు అందరూ స్నానం చేయాలి, లైఫ్ జాకెట్ వేసుకోవాలి, పండుకి ఈత రాకపోయినా ఫరవాలేదు. మెట్లు మాత్రం చాలా దిగాలి, తడిగా ఉంటాయి, వాడి చెయ్యి వదలకు.

గైడ్‌ని పెట్టుకున్నాక పిరమిడ్ గురించి అతను చెప్పేది చెప్పనివ్వు. తర్వాత వాళ్ళ ఊరేదో, పొలంలో ఏం వేశారో అడుగు. టిప్ పెసోల్లో ఇవ్వండి, మార్చుకోవడానికి వాళ్ళకి తిప్పలుండవు.

టికెట్లు బుక్ చేసేముందు తేదీలు అన్నయ్యకి చెప్పు, వాడు ఆఫీసులో సెలవు పెట్టుకోవాలి. అల్లుడుగారికి నా నమస్కారాలు. పండుకి ముద్దులు.

మీ నాన్న