ఆ రెండో దీపం ఎవరికంటే

బంగారుతల్లీ,

చిన్నప్పుడు ఏటా నవంబర్ 18న తులసికోట దగ్గర రెండో దీపం పెడుతుంటే "ఇది ఎవరికి నాన్నా?" అని అడిగేదానివి. "మావాడికిలే" అనేసి ఊరుకునేవాణ్ని. ఇప్పుడు నువ్వూ నర్సువయ్యావు. చెప్పాలనిపించింది.

ఆయన పేరు ధర్మపాల్ దహియా. నాలాగే ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్. నేను పుట్టకముందే, 1962లో చైనాతో యుద్ధంలో పోయాడు. లద్దాఖ్‌లో చుషూల్ దగ్గర రెజాంగ్ లా అని కనుమ ఉంది, 16,000 అడుగుల పైమాటే. అక్కడ 13 కుమావూన్ అనే పటాలంలోని చార్లీ కంపెనీని మేజర్ షైతాన్ సింగ్ గారు నడిపారు. మధ్యలో కొండ అడ్డం రావడంతో మన ఫిరంగులు వాళ్లకు సాయం చేయలేకపోయాయి. చేతిలో పాతకాలం .303 రైఫిళ్లు, ఒంటిమీద ఆ చలికి చాలని బట్టలు. సుమారు 120 మందిలో నూటపది మందికి పైగా అక్కడే ప్రాణాలు వదిలారు.

శవాలు దొరికింది 1963 ఫిబ్రవరిలో. ముందుగా చూసింది ఒక గొర్రెల కాపరి. చాలామంది పట్టుకున్న ఆయుధాలు పట్టుకున్నట్టే మంచులో బిగుసుకుపోయి ఉన్నారు. ధర్మపాల్ చేతుల్లో మాత్రం కట్టు గుడ్డ, సిరంజి ఉన్నాయి. తర్వాత ఆయనకు వీర్ చక్ర ఇచ్చారు.

1999లో కార్గిల్ యుద్ధమప్పుడు ద్రాస్‌లో ఒక రాత్రి తొడకి తూటా తగిలిన కుర్రాణ్ని నా దగ్గరికి మోసుకొచ్చారు. జూన్ నెలే, అయినా చలికి వేళ్లు మొద్దుబారిపోయాయి. డ్రెస్సింగ్ ప్యాకెట్ విప్పలేక పళ్లతో చింపాను. ఇంజెక్షన్ మందు గడ్డకట్టకుండా లోపలి చొక్కాలో ఒంటికి ఆనించి దాచుకునేవాళ్లం. ఆ కుర్రాడు బతికాడు, దేవుడి దయ.

మరుసటి ఏడు చుషూల్ స్మారకం దగ్గరికి వెళ్లాను. గ్లవ్స్ తీసి సెల్యూట్ చేశాను. రెండు నిమిషాలకే చేతులు కొంకర్లు పోయాయి. ఆయన నవంబర్‌లో, పైన తూటాలు కురుస్తుంటే, అవే వేళ్లతో సూది ఎక్కించాడు తల్లీ. ఎంతమందికి ఎక్కించాడో, ఆఖరి సూది ఎవరికోసం పట్టుకున్నాడో అనుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. కళ్లు తుడుచుకోవడానికి కూడా చేతులు రాలేదు.

ఈసారి 18న నీకు నైట్ డ్యూటీ అన్నావు. వార్డులోకి వెళ్లే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి. నీ గొంతు విన్నాక దీపం వెలిగిస్తాను.

మీ నాన్న