షోన్‌బెర్గ్ పాటలు ఈ డిస్కులో రావు

వియన్నా నుంచి మా తెలుగు చందాదారులకు,

ముందే డబ్బు కట్టిన మీకు ఈ సంగతి నేనే చెప్పాలి. మెజో సొప్రానో (మధ్యస్థాయి స్త్రీ గొంతు) గాయనితో, పూర్తి ఆర్కెస్ట్రాతో తెస్తామన్న డిస్కులో మూడు కృతులు ఉండాలి: మేటర్‌లింక్ కవితలకు జెమ్లిన్‌స్కీ స్వరపరిచిన ఆరు పాటలు, ఆల్టెన్‌బెర్గ్ రాతలకు ఆల్బన్ బెర్గ్ స్వరపరిచిన ఐదు పాటలు, షోన్‌బెర్గ్ స్వరపరిచిన ఓపస్ 22 (అంటే ఆయన 22వ కృతి) నాలుగు పాటలు. మొదటి రెండూ పూర్తయ్యాయి. మూడోదాని రికార్డింగు ఆగిపోలేదు, నేనే ఆపించాను.

పూర్తయిన వాటి గురించి మీరు బెంగపడనక్కర్లేదు. వాటిలో బెర్గ్ పాటలకు ఓ చరిత్ర ఉంది: 1913 మార్చి 31న ఇదే ఊళ్లో, మ్యూజిక్‌ఫెరైన్ కచేరీ హాల్లో బెర్గ్ పాటలు రెండు వినిపించేసరికి సభ రసాభాస అయింది. ఆ కచేరీ చివర ఉండాల్సిన, మాలర్ అనే స్వరకర్త పాటలు వినిపించనే లేదు. ఆ బెర్గ్ కృతిలో తొలి పాట తొలి స్వరాన్ని గాయని పెదవులు మూసి పలకాలి, ఆ తర్వాత నోరు సగమే తెరవాలి. మా గాయని ఆ చోట మైకు దగ్గరికి రానని పట్టుబట్టింది. ఆర్కెస్ట్రా మధ్య నుంచి వచ్చినట్టే ఉండాలంది. అలాగే ఉంది.

ఇక షోన్‌బెర్గ్. 1913, 1916 మధ్య రాసిన ఈ పాటలు తొలిసారి మోగింది 1932లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో. ఎందుకంత ఆలస్యమైందో మొదటి పాటకు కావలసిన వాద్యాల జాబితా చూస్తేనే సగం అర్థమవుతుంది: 24 వయొలిన్లు, 12 చెల్లోలు, 9 డబుల్ బేస్‌లు, వియోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) ఒక్కటీ లేదు, ఊది వాయించే క్లారినెట్లు ఆరు. పాట ఎత్తుకునేది ఆ ఆరు క్లారినెట్లే, అందరూ ఒకే స్వరాలను కలిసి వాయిస్తూ. ఈ లెక్క ఒప్పందంలో అక్షరాలా రాసి ఉంది. వాద్యకారులను సమకూర్చే ఏజెంటు దాని మీద సంతకం పెట్టి అడ్వాన్సు తీసుకున్నాడు. రిహార్సల్ నాడు పద్నాలుగు వయొలిన్లు, మూడు క్లారినెట్లతో దిగాడు.

పైగా ఉపాయం కూడా తనే చెప్పాడు. ఉన్నవాళ్లతోనే రెండుసార్లు వాయించి ఒకదానిమీద ఒకటి వేస్తే సరిపోతుందట. నేను వెంటనే కాదనలేదు. గాయని తేదీలు మళ్లీ ఎప్పుడు దొరుకుతాయో తెలియదు, హాలు అద్దె కట్టేశాను, కండక్టర్ వచ్చి కూర్చున్నాడు. ఆ రాత్రి ఇంజినీరుతో కలిసి నిజంగానే క్లారినెట్ల ముక్క అలా వేసి చూశాం. భజనలో ఆరుగురు గొంతు కలపడం వేరు, ముగ్గురి గొంతును రెండుసార్లు వినిపించడం వేరు. ఆరుగురూ శ్రుతిలో వెంట్రుకవాసి అటూ ఇటూ ఉంటారు, ఆ నాదానికి నిండుదనం అక్కడే పుడుతుంది. ముగ్గురిని రెట్టింపు చేస్తే అదే ఊపిరి, అదే చిన్న దోషం రెండుసార్లు వినబడింది. పైగా రెండోసారి వాయించేవాళ్లు హెడ్‌ఫోన్లలో మొదటిదాన్ని వెంబడించాలి. గాయని ఒక మాట దగ్గర కాస్త ఆగాలనుకుంటే ఇక ఆగడానికి వీల్లేదు.

అయినా తెల్లవారేదాకా ఊగిసలాడాను. ఆ ఊగిసలాటకు ముగింపు పలికింది ఏజెంటే. "ఈ పాటలు వినేదే నలుగురు, వాళ్లకేం తెలుస్తుంది?" అన్నాడు. ఆ నలుగురూ మీరే. నా వ్యాపారం నడిచేది ఆ నలుగురితోనే. ఆ మాట అనకుండా ఉంటే బహుశా రాజీపడేవాణ్ణేమో, చెప్పలేను. అన్నాక మాత్రం హాలు ఖాళీ చేయించాను.

ఇప్పుడు మీ సంగతి. జెమ్లిన్‌స్కీ, బెర్గ్ పాటల డిస్కు చెప్పిన నెలలోనే వస్తుంది, జర్మన్ పాఠం పక్కన తెలుగు తాత్పర్యంతో పుస్తకం కూడా ఉంటుంది. అది తీసుకున్నవాళ్లకు షోన్‌బెర్గ్ భాగం తయారయ్యాక విడిగా, అదనపు ఖర్చు లేకుండా పంపిస్తాను. మొత్తం ఒకేసారి కావాలనుకునేవాళ్లు ఆగవచ్చు. డబ్బు వెనక్కి కావాలంటే ఒక్క మాట రాయండి, కారణం అడగను. షోన్‌బెర్గ్‌కు తేదీ మాత్రం చెప్పను. వేరే బృందంతో మాట్లాడుతున్నాను, వాళ్లనూ 24 మంది వయొలిన్ వాద్యకారుల పేర్లు కాగితం మీద ఇమ్మన్నాను. అవి చేతికందాకే గాయనిని తేదీలు అడుగుతాను. ఏజెంటు తిరిగివ్వని అడ్వాన్సు నేను తేల్చుకోవాల్సిన గొడవ, మీ ధర మీద పైసా పడదు.