టిప్పర్ లాక్ ఎప్పుడు వేయాలి?

సంపాదకులకు,

తొలకరి పడితే దేవరకొండ దిక్కు చెరువుల్లో మట్టి ఎత్తే పది టైర్ల టిప్పర్లు దిగబడటం మామూలే. అసలు నష్టం ఆ తర్వాత రేస్ ఇచ్చి టైర్లు గిర్రున తిప్పినందుకు.

వెనక రెండు హౌసింగ్‌ల (చక్రాల ఇరుసుల) మధ్యనుండే డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక ఇంజిన్ బలాన్ని రెంటికీ చెరిసగం పంచుతుంది. ఒక్క చక్రం జారినా దానికందే కొద్దిపాటి బలమే తక్కినవాటికీ దక్కుతుంది. జారే హౌసింగ్ వేగంగా తిరిగితే డిఫరెన్షియల్ లోపలి స్పైడర్ (పళ్లచక్రాలను మోసే శిలువ కడ్డీ) మీది ఆయిల్ పొర చెదిరి, థ్రస్ట్ వాషర్లు (ఆ చక్రాల వెనకుండే బిళ్లలు) కాలిపోతాయి.

కాబట్టి రెండు హౌసింగ్‌లనూ కలిపి ఒకే వేగంతో తిప్పే ఇంటర్‌యాక్సిల్ లాక్ బురదలోకి దిగకముందే వేయాలి. జారుతున్న చక్రాల మీద వేస్తే లాక్ పళ్లే విరుగుతాయి. తారురోడ్డెక్కగానే తీసేయాలి. లాక్‌తోనే హైవే మీద పోయేవాళ్లున్నారు! మలుపుల్లో షాఫ్టులు మెలిపడతాయి, టైర్లు అరుగుతాయి. స్విచ్ తీసినా డాష్‌బోర్డు మీది లాక్ లైటు ఆరకుంటే యాక్సిలరేటర్ వదిలి, కొంచెం రివర్స్ తీస్తే విడుతుంది.

ఈ రెంటిలో ముందు హౌసింగ్‌కు కొత్త టైర్లు, వెనక దానికి అరిగినవి వేసినా ఈ డిఫరెన్షియలే నలుగుతుంది. చుట్టుకొలత తేడా 19 మి.మీ. లోపుండేలా టేపుతో కొలవాలి.

– ఒక లారీ మెకానిక్, నల్లగొండ