వీధుల్లో పాతుకుపోయిన బండ్లు: తీయించేదెవరో తేల్చండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. విశాఖ వీధుల్లో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న వాహనాల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మన ఊళ్లో పార్కింగ్ అనగానే జగదాంబ, ద్వారకానగర్, డాబాగార్డెన్స్ లాంటి వ్యాపార ప్రాంతాల గురించే చర్చ నడుస్తుంది. మా అక్కయ్యపాలెం లాంటి చోట్ల, లోపలి సందుల్లో పాడుబడిన బండ్ల సంగతి ఎవరికీ పట్టడం లేదు.

మా వీధి మలుపులో ఒక పాత వ్యాన్ ఉంది. నాలుగు టైర్లలోనూ గాలి దిగిపోయింది. ఉప్పుగాలికి తలుపుల కింది అంచులు తుప్పు పట్టి, తాకితే పొరలు పొరలుగా రాలుతున్నాయి. నంబర్ ప్లేటు మాత్రం ఇప్పటికీ చదవడానికి వస్తుంది. ఆ వ్యాన్ సరిగ్గా మురుగు కాలువ పలకల మీద ఉంది. వానాకాలం ముందు పూడిక తీయడానికి వచ్చినవాళ్లు దాని కింద పలకలు లేపలేక, ఇటూ అటూ తీసి ఆ మేర వదిలేసి వెళ్లిపోతారు. గట్టి వాన పడితే నీళ్లు అక్కడే అడ్డుపడి పక్కిళ్ల గుమ్మాల్లోకి వస్తాయి. తెల్లవారుజామున ఊడ్చే ఆవిడ చీపురు ఆ కిందికి వెళ్లదు కాబట్టి, చెత్త వేసేవాళ్లకు అది అలవాటైన చోటు అయిపోయింది. వెనక తొట్టిలో వాన నీరు రోజుల తరబడి నిలిచి ఉంటుంది. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి ఆ మాత్రం నీరు చాలు. డ్రై డే పేరుతో సిబ్బంది ఇంటింటికీ వచ్చి పూలకుండీల కింద నీళ్లు పారబోయమంటున్నారు. మంచి పని, అందరం చేస్తున్నాం. మరి రోడ్డు మీదున్న ఈ నీళ్లు ఎవరు పారబోయాలి?

దీని గురించి ఒక ఆఫీసుకు వెళితే ఇంకో ఆఫీసుకు వెళ్లమన్నారు. అక్కడికి వెళితే ఓనరు ఎవరో కనుక్కుని రమ్మన్నారు. ఎవరికి వారే యమునా తీరే. బండి నంబరు పట్టుకుని ఓనరు ఇల్లు వెతకడం మామూలు మనిషి వల్ల అయ్యే పనేనా?

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో 10 గంటలు, అంతకు మించి వదిలేసిన వాహనాన్ని టోయింగ్ చేసి తీసుకుపోవడానికి యూనిఫాంలో ఉన్న, ఆ పరిధిలోని పోలీసు అధికారి అనుమతి ఇవ్వొచ్చు. విరిగిపోయిన, కాలిపోయిన లేదా సగం విప్పేసిన బండి రాకపోకలకు ప్రమాదంగా ఉంటే వెంటనే తీయించొచ్చు. ఆ ఖర్చు ఓనరే కట్టాలి. రాకపోకలకు అడ్డుగా బండి పెడితే 201వ సెక్షన్ కింద జరిమానా కూడా ఉంది, 2019 సవరణలో దాన్ని 500 రూపాయల వరకు చేశారు. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా సందులోని బండి కదలకపోవడానికి కారణం నాకు ఒకటే కనిపిస్తోంది. అనుమతి ఇచ్చే అధికారం పోలీసులది. కాలువలు, చెత్త, దోమలు విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పని. ఓనరు పేరు, చిరునామా రవాణా శాఖ దగ్గర ఉంటాయి. బండిని ఎక్కడికి తీసుకెళ్లాలి, ఓనరు దొరికే దాకా క్రేన్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, ఎన్నాళ్లు ఆగి వేలం వేయాలి అన్నవి ముగ్గురూ కూర్చుని తేల్చాల్సిన విషయాలు. అవి తేలితే తప్ప 127వ సెక్షన్ మా సందు దాకా రాదు.

కాబట్టి పోలీసు కమిషనర్, జీవీఎంసీ కమిషనర్, రవాణా శాఖ కలిసి నగరానికంతటికీ ఒకే పద్ధతి ప్రకటించాలని కోరుతున్నాను. వార్డు సచివాలయంలో ఫొటో, బండి నంబరు ఇస్తే ఫిర్యాదు నమోదు కావాలి. బండికి తేదీ వేసిన నోటీసు అంటించి, ఓనరు ఫోనుకు మెసేజ్ పంపాలి. రెండు వారాలు చూసి, అప్పటికీ కదలకపోతే యార్డుకు తరలించాలి. తరలించిన బండ్ల నంబర్లు అందరికీ కనిపించేలా పెట్టాలి. అందులో దొంగతనానికి గురైన బండి ఉంటే పోగొట్టుకున్నవాళ్లకు చేరుతుంది, ఇది చిన్న మేలు కాదు.

అయితే బతుకుతెరువు బండ్ల విషయంలో కటువుగా పోవద్దు. ఇంజిన్ పాడై, బాగు చేయించడానికి డబ్బు కూడబెట్టుకుంటున్న ఆటో డ్రైవరుకు, ఆస్పత్రిలో ఉన్న మనిషికి అడిగితే గడువు ఇవ్వాలి. ఈ పేరు చెప్పి తోపుడు బండ్ల మీద పడటం అసలే తగదు.

చాలామంది కావాలని వదిలేయరు. బదిలీ మీద వెళ్తూ ఎవరికో అప్పజెప్పి వెళ్తారు. తండ్రి పోయాక ఆర్‌సీ ఆయన పేరు మీదే ఉండిపోతుంది, పిల్లలు దూరాన ఉంటారు. ఇంకొందరు అమ్మేసి డబ్బు తీసుకుంటారు కానీ పేరు మార్పించరు. అమ్మిన 14 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలని చట్టం చెబుతోందని వాళ్లకు తెలియదు. తుక్కుగా అప్పగించడానికి 2021లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రంలో ఇస్తే వచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో, కొత్త సొంత బండి కొన్నప్పుడు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇచ్చే వీలుంది. ఈ మాట మా వీధిలో ఎవరిని అడిగినా తెలియదంటారు. కాగితాలు సరిగా లేవన్న భయంతో బండిని ముట్టుకోని పెద్దవాళ్లకు దగ్గర కూర్చుని దారి చెప్పే మనిషి కావాలి.

ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. పోలీస్ స్టేషన్ల ముందు కేసుల్లో పట్టుకున్న బండ్లు ఎండకూ వానకూ తుప్పు పడుతూ కనిపిస్తుంటాయి. వాటిని స్టేషన్లలో ఎక్కువ కాలం ఉంచొద్దని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజల బండ్ల మీద నోటీసులు అంటించే ముందు ఆ బండ్లను ఖాళీ చేయిస్తే జనానికి నమ్మకం కుదురుతుంది.

సందు మొదట్లో అడ్డంగా బండి ఉంటే 108 అంబులెన్సు లోపలికి మళ్లలేదు, అగ్నిమాపక వాహనం అసలే రాలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చెట్లు కూలి దారులు మూసుకుపోవడం ఈ ఊరంతా చూసింది. అలాంటి రోజున యంత్రాలు లోపలికి రావాలంటే దారి ముందే ఖాళీగా ఉండాలి. అందుకే తుపాన్ల కాలం వచ్చేలోపు, కనీసం కాలువల మీదా మలుపుల్లోనూ నిలిచిపోయిన బండ్ల జాబితాను వార్డు సచివాలయం సిబ్బందితో రాయించి, ఒక్కో వార్డులో పని మొదలుపెట్టాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
అక్కయ్యపాలెం వాసి,
విశాఖపట్నం