చదివి వినిపించాకే సీల్ వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా నాన్నగారు పోయాక ఆయన అకౌంట్‌లో డబ్బులు అమ్మ పేరు మీదకి మారాలంటే వారసుల వివరాలతో అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే పత్రం) కావాలన్నారు. సరే అని అమ్మని తీసుకుని, ఇలాంటి పత్రాలపై ప్రమాణం చేయించి సీల్ వేయడానికి ప్రభుత్వం నియమించే నోటరీ ఆఫీసుకి వెళ్ళాను. టైపింగ్ చేసే అతను పేర్లు అడిగి, కంప్యూటర్‌లో ముందే ఉన్న ఒక కాపీ తెరిచి పేర్లు మార్చి ప్రింట్ తీశాడు. అమ్మకి చదువు రాదు, మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. "పెద్దావిడని పైకి ఎందుకు సార్ ఇబ్బంది పెట్టడం, నేనే కిందకి తెచ్చి వేలిముద్ర వేయించుకుంటా" అన్నాడు. నాకైతే ఎంత మంచివాడో అనిపించింది. ఆటోలో కూర్చునే అమ్మ వేలిముద్ర వేసింది, అతను పైకెళ్ళి పది నిమిషాల్లో సీల్, సంతకం వేయించి తెచ్చిచ్చాడు. నోటరీ గారు అమ్మ మొహం చూడలేదు, అమ్మ ఆయన్ని చూడలేదు. కానీ కాగితం కింద మాత్రం "నా సమక్షంలో ప్రమాణం చేసి చెప్పినది" అని ఉంది.

జిరాక్స్ ఒకటి ఇంట్లో ఉంటే మా చెల్లి చదివింది. అందులో "నేను, నా కుమారుడు తప్ప నా భర్తకు వేరే వారసులు ఎవరూ లేరు" అని ఉంది. అంతకు ముందు వచ్చిన ఎవరిదో కాపీలో లైన్ అది, అలాగే ఉండిపోయింది. చెల్లి నన్ను అడిగిన మాట ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నా, "అన్నయ్యా, నేను లేనని అమ్మ ప్రమాణం చేసిందా?" అంది. అమ్మకి విషయం చెప్తే రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను చదువుకున్నవాణ్ణి, రెండు పేజీలు చదవడానికి ఎంతసేపు పడుతుంది, తప్పు నాది కూడా.

తర్వాత తెలిసినవాళ్ళని అడిగి, చట్టం కొంచెం చదివి తెలుసుకున్నవి రాస్తున్నాను, మనలో చాలామందికి ఇవి తెలీవు. మన దేశంలో నోటరీలకి 1952లోనే ప్రత్యేకంగా చట్టం వచ్చింది, 1956లో రూల్స్ వచ్చాయి. ఆ చట్టం నోటరీకి ఇచ్చిన పనుల్లో ప్రమాణం చేయించడం, అఫిడవిట్ తీసుకోవడం ఉన్నాయి, అంటే ఆయన పని స్టాంపు గుద్దడం కాదు, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, మీరెవరు, ఇందులో రాసింది మీకు తెలుసా, ఇది నిజమేనా అని అడిగి నిర్ధారించుకోవడం. దేవుడి మీద ప్రమాణం చేయడం ఇష్టం లేనివాళ్ళు మనస్సాక్షిగా నిజం చెప్తున్నానని అన్నా సరిపోతుంది, 1969 ప్రమాణాల చట్టం ఆ వీలు ఇచ్చింది. చదవడం రానివాళ్ళయితే వాళ్ళకి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, అలా వినిపించామని కాగితం మీదే రాయాలి. మా అమ్మ కాగితంలో ఆ ఒక్క లైనూ లేదు. చేసిన ప్రతి పనీ నోటరీ రిజిస్టర్‌లో ఎక్కాలి, అందుకే కాగితం చేతికి రాగానే రిజిస్టర్ నంబరు, తేదీ, సీల్ మీద నోటరీ పేరు, ఆయనకిచ్చిన ఏరియా సరిగ్గా ఉన్నాయా లేదా చూసుకోండి.

సంతకం ఇంట్లోనే పెట్టేసి తీసుకెళ్ళకండి, ఆయన ఎదురుగానే పెట్టాలి. ఖాళీలు ఉంటే నింపాకే పెట్టండి. ఇంకోటి, నోటరీ సీల్ పడితే అందులో రాసిందంతా నిజమని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు అనుకుంటారు చాలామంది, కాదండీ, ఫలానా మనిషి ఫలానా రోజు వచ్చి ఇలా ప్రమాణం చేశారు అని మాత్రమే దాని అర్థం. నిజానిజాల బాధ్యత మొత్తం కింద సంతకం పెట్టినవాళ్ళదే. తెలిసి తెలిసి అబద్ధం ప్రమాణం చేసినట్టు తేలితే కోర్టు విచారణకి సంబంధించినదైతే 7 ఏళ్ళ దాకా, మిగతా వాటిల్లో 3 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. ఇంత బరువున్న మాటని ఆటోలో కూర్చుని వేలిముద్రతో తేల్చేశాం మేము!

నోటరీలందరూ ఇలాగే ఉంటారని నేను అనను. రెండోసారి మేము వెళ్ళిన నోటరీ గారు అమ్మకోసం ఆయనే కిందకి దిగొచ్చారు, ఆధార్ చూశారు, నన్ను కాస్త దూరంగా నిలబడమని ప్రతి లైనూ తెలుగులో నెమ్మదిగా చదివి "ఇది నిజమేనా అమ్మా" అని ఒక్కో ముక్కకీ అడిగారు. చెల్లి పేరు వచ్చిన చోట అమ్మ ఆపి ఇంకోసారి చదవమంది, ఆయన విసుక్కోకుండా మళ్ళీ చదివారు. మొత్తం పావుగంట కూడా పట్టలేదు.

ఆ పావుగంట అందరూ ఇవ్వాలని నోటరీలకి మీ పేపర్ ద్వారా నా మనవి. అలాగే వాళ్ళని నియమించే ప్రభుత్వాలు అప్పుడప్పుడు వెళ్ళి రిజిస్టర్లు చూడాలి, మనిషి రాకుండానే సీల్ వేస్తున్నారని తేలితే చర్య తీసుకోవాలి. ప్రతి నోటరీ ఆఫీసు బయట, టైపింగ్ చేసే చోట కూడా, "చదవకుండా సంతకం పెట్టొద్దు, చదవడం రాకపోతే చదివి వినిపించమని అడగండి" అని పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక బోర్డు పెట్టించండి.

ఇట్లు,
మీ పాఠకుడు