20 సెకన్ల పడవకి ఎండ ఇచ్చిన మామ్మగారికి

విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి మరపడవ ఒకటి సముద్రంలోకి వెళ్తుంది. నా యానిమేషన్ అంతా కలిపి అంతే, 20 సెకన్లు. సెకనుకి 12 బొమ్మల లెక్కన 240 సయనోటైపులు, అంటే ఎండతో అచ్చయ్యే నీలం ఫోటోలు. ఫోన్లో తీసిన వీడియోని లాప్‌టాప్‌లో ఫ్రేములుగా విడగొట్టి, ఒక్కోదాన్నీ నెగెటివ్ చేసి ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద ప్రింటు తీయాలి. దాన్ని మందు పూసిన కాగితం మీద పెట్టి ఎండలో ఉంచి, నీళ్లలో కడిగితే నీలం బొమ్మ తేలుతుంది. ఆరాక మళ్లీ ఫోటో. అన్నీ ఉన్నాయి నా దగ్గర, మేడ తప్ప.

పెదవాల్తేరులో మా వీధి చివరింటి మామ్మగారు అడగ్గానే తాళంచెవి చేతిలో పెట్టారు. కాగితానికి పూసే మందు సీసా మీద ఫెర్రిసయనైడ్ అన్న పేరు చూసి మాత్రం "సయనైడా అమ్మాయ్!" అని కంగారుపడ్డారు. ఆ విషం కాదండీ, ఒకప్పుడు బ్లూప్రింట్లు దీంతోనే తీసేవారు అన్నాను. ఆవిడ లోపలికెళ్లి అలమార అరలో పరిచిన కాగితం లాక్కొచ్చారు. షిప్‌యార్డులో పనిచేసిన తాతగారు ఎప్పుడో తెచ్చిన డ్రాయింగట. అచ్చం అదే నీలం!

ఎండ గురించి ఆవిడకి తెలిసినంత నాకు తెలీదు. ఏళ్ల తరబడి వడియాలు పెట్టిన చెయ్యి మరి. ట్యాంకు నీడ ఎన్నింటికి ఎటు జరుగుతుందో, సముద్రపు గాలి ఎప్పుడు లేస్తుందో ముందే చెప్పేవారు. నెగెటివ్‌ల మీద పెట్టే అద్దాలు కదలకుండా సన్నికల్లు పొత్రం కూడా పైకి మోయించారు.

ఒకరోజు సబ్బుపొడి బకెట్ సరిగ్గా తొలపకుండా అందులో 38 ప్రింట్లు ముంచాను. తప్పు పూర్తిగా నాదే. క్షారం తగిలితే ఈ నీలం నిలవదు. చూస్తుండగానే వెలిసిపోయి పసుపు మరకలు మిగిలాయి. ఏడుపొక్కటే తక్కువ. మామ్మగారు మామిడికాయలు కడిగే టబ్బు తెచ్చి, "దీనికి సబ్బు వాసన కూడా తెలీదు" అన్నారు. (మళ్లీ ఆవకాయకి వాడొద్దని కొత్త టబ్బు కొనిచ్చాను.) ఆ 38 మళ్లీ చేసినన్ని రోజులూ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు.

డాబాగార్డెన్స్ జిరాక్స్ అన్నయ్యకీ థాంక్స్. లేజర్ నలుపు చాలక ఎండ లోపలికి దిగిపోతుంటే, రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టమన్నది ఆయనే. రెండో షీటుకి డబ్బులు తీసుకోలేదు.

పడవ చుక్కలా మిగిలిన 240వ ప్రింటు మామ్మగారికే ఇచ్చాను. దీన్ని అలమార అరలో పరవనని మాటిచ్చారు.